శస్త్రచికిత్స, ప్రమత్తత, అహింస

శరీరాన్ని కోయడం హింస అవుతుందా అన్న ప్రశ్నకు జైన దర్శనంలో స్పష్టమైన సమాధానం ఉంది. ఉమాస్వాతి రచించిన తత్త్వార్థ సూత్రం ప్రాణహానినంతటినీ హింసగా లెక్కించక, ప్రమత్తయోగం వల్ల, అంటే మనసు, మాట, శరీరం రాగద్వేషాలకు లోబడి ఎరుక తప్పి వర్తించడం వల్ల కలిగే ప్రాణహానినే హింసగా నిర్వచిస్తుంది. ఆ లెక్కన రోగిని బతికించాలన్న సంకల్పంతో, పూర్తి ఎరుకతో కత్తి పట్టిన వైద్యుడు హింసకుడు కాడు. అయితే అదే శస్త్రచికిత్స వల్ల ఆసుపత్రి గోడల ఆవల, ఎన్నో ఏళ్ల తరవాత, పేరు తెలియని ప్రాణులకు కలిగే హాని ఏ కోవలోకి వస్తుందన్నది ఈ కాలం ఆ నిర్వచనం ముందు ఉంచుతున్న ప్రశ్న.

రోగికి మత్తు ఇవ్వడానికి వాడే డెస్‌ఫ్లురేన్ ఆవిరి ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణ. అది శరీరంలో దాదాపు ఏ మార్పూ చెందకుండా ఊపిరితో బయటికి వచ్చి, ఆపరేషన్ థియేటర్ గొట్టాల గుండా వాతావరణంలో కలుస్తుంది. వందేళ్ల లెక్కన, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 2,500 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఆ హాని ఎంతో తక్కువగా ఉండే సెవోఫ్లురేన్ అనే మందు చాలాకాలంగా అందుబాటులో ఉన్నందున స్కాట్లాండ్ 2023లో, ఇంగ్లండ్ 2024లో తమ ప్రభుత్వ ఆసుపత్రులలో, తప్పనిసరి సందర్భాలు మినహా, డెస్‌ఫ్లురేన్ వాడకాన్ని ఆపివేశాయి. మేలైన ప్రత్యామ్నాయం చేతికి అందే చోట ఉండగా కేవలం అలవాటు కొద్దీ పాతదాన్నే కొనసాగించడం ప్రమత్తతే. హాని ఎవరికి తగిలిందో చూపలేకపోవడం ఆ దోషాన్ని తగ్గించదు.

దీనికి బలమైన ఆక్షేపణ ఉంది. వైద్యుడి ధర్మం బల్ల మీద ఉన్న రోగి పట్లనే తప్ప, లెక్కకు అందని భావి జనం పట్ల కాదని, భూమి కోసం రోగి భద్రతలో రవ్వంత తగ్గించినా ఆ ధర్మానికి ద్రోహం చేసినట్టేనని ఆక్షేపకులు అంటారు. ఈ మాటలో సత్యం ఉంది, దాన్ని వదులుకోనక్కరలేదు. కానీ ఎవరూ లేని థియేటర్‌లో రాత్రంతా పూర్తి వేగంతో నడిచే గాలి యంత్రం గాని, విప్పి వాడకుండానే చెత్తబుట్టలో పడే సామగ్రి గాని ఏ రోగినీ కాపాడవు. రోగికీ భూమికీ నడుమ ఉందనుకునే వైరంలో చాలా భాగం ఎవరూ పరీక్షించి చూడని భయమే.

మదురైలో 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి స్థాపించిన అరవింద్ కంటి ఆసుపత్రి ఆ భయాన్ని ఆచరణలోనే పరీక్షకు పెట్టింది. అక్కడ పరికరాలను శుద్ధిచేసి మళ్లీ మళ్లీ వాడతారు, ఒకే గదిలో రెండు బల్లలు వేసి ఒకరి తరవాత ఒకరికి ఆపరేషన్ చేస్తారు. 2017లో వెలువడిన పరిశోధన ప్రకారం అక్కడ ఒక కంటిపొర ఆపరేషన్ వల్ల వెలువడే వాయువుల హాని సుమారు 6 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం; బ్రిటన్‌లో అదే ఆపరేషన్‌కు కట్టిన లెక్క సుమారు 180 కిలోలు. రెండు దేశాల లెక్కింపు పద్ధతులలో కొంత తేడా ఉన్నా, ఇంతటి అంతరాన్ని ఆ తేడాతో కొట్టివేయలేము. పైగా అరవింద్‌లో కంటి లోపలి ఇన్ఫెక్షన్లు పాశ్చాత్య దేశాల స్థాయిని మించలేదు.

కంటి ఆపరేషన్ కొద్ది నిమిషాలలో, కంటికి మాత్రమే మత్తిచ్చి ముగిసేది కనుక గుండెకో పేగుకో చేసే ఆపరేషన్లకు ఈ పద్ధతిని యథాతథంగా తరలించడం కుదరదు. శుద్ధి చేసే ఆవిరికి కూడా విద్యుత్తు కావాలి, మన దేశంలో ఆ విద్యుత్తులో అధికభాగం బొగ్గు నుంచే వస్తుంది. కనుక ఎంతవరకు తగ్గించవచ్చన్నది ప్రతి ఆపరేషన్‌కూ విడిగా తేల్చవలసిన విషయం, అదీ రోగి మత్తులో ఉన్న క్షణాన ఒంటరి వైద్యుడి మీద మోపకూడని నిర్ణయం. మందులు కొనేవారు, థియేటర్ నడిపేవారు, నియమాలు రాసేవారు ముందుగానే కూర్చుని తేల్చవలసిన బాధ్యత అది.

అపరిగ్రహం, అంటే అవసరానికి మించి కూడబెట్టకపోవడం, జైనులకు అహింసతో విడదీయరాని వ్రతం. అయితే 2015లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగల శస్త్రచికిత్స అందడం లేదని లెక్కగట్టింది. అపరిగ్రహం పేరిట వారి ముందు ఆపరేషన్లు తగ్గించమని చెప్పడం క్రూరత్వం; ఆ వ్రతం తగ్గించమనేది వృథానే. అరవింద్‌లో వృథా కాని సామగ్రి ఖర్చును తగ్గించడం కూడా తోడై, డబ్బు చెల్లించలేని లక్షలాది మందికి అక్కడ చూపు తిరిగి వచ్చింది.