జీపూ, ఒక ధర్మసందేహమూ

నాకు ఒక సవతి ఉండేది. కంగారు పడకండి! నాలుగు చక్రాల సవతి. 1986లో మావారు వేలంపాటలో పాడుకొచ్చిన పాత మహీంద్రా జీపు. అప్పటికి మా పెళ్లయి మూడేళ్లు. నా చీరె చిరిగితే "ఇంకోటి కొనుక్కోవోయ్" అనేసి పేపరు చదువుకునే మనిషి, జీపు టాపు గుడ్డ చిరిగితే మాత్రం దబ్బనమూ, పురికొసా పట్టుకుని తనే కుట్టడానికి కూచునేవారు. అత్తయ్యగారు చూసి, "నయం, దానికి పసుపూ కుంకాలు నువ్వే పెడుతున్నావు" అని నన్నే ఓదార్చేవారు.

ఆయన ఏజెన్సీలో చిన్నచిన్న రోడ్డు పనులు చేయించే కంట్రాక్టరు. మా కాపురం నర్సీపట్నంలో. పనులేమో లంబసింగి ఘాటెక్కి, చింతపల్లి దాటి, ఇంకా లోపల. రోడ్డు వెయ్యాలంటే ముందు రోడ్డు లేనిచోటికి వెళ్లాలి కదా! అందుకని జీపు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన బండి అది. మన దేశంలో మహీంద్రావాళ్లు 1947లో విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారట. మామూలు కారుకి రెండే చక్రాలు లాగుతాయి, దీనికి కావాలంటే నాలుగూ లాగుతాయి. పెద్ద గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు పొట్టి రాడ్లుండేవి. ఒకటి ముందు చక్రాలకి బలం పంపడానికి. రెండోది బండిని నత్తలా, కానీ ఏనుగంత బలంగా నడిపించడానికి. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? ఆయన నాకూ నేర్పారు. సవతితో సఖ్యం కుదిర్చే ఉపాయమేమో మరి!

మొదటి పాఠం బొటనవేళ్లది. స్టీరింగు పట్టుకున్నప్పుడు బొటనవేళ్లు చక్రం లోపలికి పెట్టకూడదు, పైన ఆనించి ఉంచాలి. రాయికి టైరు తగిలిందంటే స్టీరింగు గిర్రున తిరిగి వేలు విరగ్గొడుతుంది. రెండోది, ఏటవాలుకి ఎక్కినా దిగినా తిన్నగానే పోవాలి, అడ్డంగా తిప్పకూడదు. ఎక్కలేక మధ్యలో ఆగిపోతే సిగ్గుపడకుండా వెనక గేరు వేసి, వచ్చిన దారినే తిన్నగా దిగిపోవాలి. "సిగ్గుపడి బండి తిప్పబోయిన వాళ్లే దొర్లిపోతారోయ్" అనేవారు. దిగేటప్పుడు క్లచ్చి తొక్కకుండా, మొదటి గేరులో, ఇంజను పట్టు మీదే దింపాలి. ఈ పాఠాలు నేను తర్వాత సంసారంలో కూడా వాడుకున్నాననుకోండి, అది వేరే కథ.

ఇప్పుడు ఈ పురాణం ఎందుకు ఎత్తానంటే, మావాడు మొన్న థార్ కొన్నాడు. ఉద్యోగం విశాఖపట్నంలో, కంప్యూటరు ముందు. వారానికి అయిదు రోజులు వాడి బండి ఎక్కే పెద్ద గుట్ట ఏదంటే, ఆఫీసు దగ్గర స్పీడు బ్రేకరు. కొని ఆరు నెలలైనా కాలేదు, ఒక శనివారం టాపు మీద పెద్ద ఇనప చట్రం కట్టుకుని వచ్చాడు. బండి ముందు బిగిస్తాడట. బుల్ బార్ అంటారట. ఆ తరవాత పెద్ద టైర్లూ, బండిని నాలుగంగుళాలు పైకెత్తే స్ప్రింగులూను.

"ఎందుకురా, కంపెనీవాళ్లు చక్కగానే చేసిచ్చారు కదా?" అన్నాను.

"నా డబ్బు, నా బండి. మార్చుకుంటే ఎవరికి నష్టం?" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, సగం మనసు వాడివేపే మొగ్గింది. మా అమ్మ ఇచ్చిన చంద్రహారం చెరిపించి నేను నాలుగు జతల గాజులు చేయించుకోలేదూ? అమ్మ నొచ్చుకుంది తప్ప, ఊళ్లో ఎవరికీ నష్టం రాలేదు. పైగా వాడి దగ్గర ఇంకో అస్త్రం ఉంది. "నాన్న జీపుకి పెట్రోలు ఇంజను తీయించేసి డీజిలు ఇంజను పెట్టించారు. ఆయన ఏకంగా గుండెకాయే మార్చేశారు. నేను మీసం పెడుతున్నాను, అంతేగా!"

మావారు ఆ మార్పు ఆర్సీలో రాయించుకోవడానికి ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో నాకు తెలుసు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్లో ఈ మార్పుల సంగతి ఉంది. 2017 డిసెంబరులో కేంద్రం ఈ బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇవన్నీ మా కోడలు సెల్‌ఫోనులో చూసి చదివింది. (పిల్ల నా పార్టీ.) "ఎవరు పాటిస్తున్నారు?" అని వాడు తీసిపారేశాడు. నాకు కూడా, చట్టంలో ఉంది కాబట్టే తప్పు అనుకోవడం ఇష్టం ఉండదు. తప్పెక్కడుందో కంటికి కనబడాలి.

కనబడింది. వాడు ఆ చట్రాన్ని బండి ముందు ఆనించి, "ఎలా ఉంది?" అంటున్నాడు. అయిదేళ్ల మా మనవరాలు వెళ్లి దాని పక్కన నించుంది. పై కమ్మీ సరిగ్గా దాని కళ్ల దగ్గరికి వచ్చింది.

ఈ కాలపు బళ్లకి ముందుభాగం కావాలనే నలిగేలా చేస్తారు. దెబ్బని బండి తను నలిగి మింగుతుంది. లోపలివాళ్లకీ, ఎదటివాడికీ అంతో ఇంతో దయ చూపిస్తుంది. ఆ నలిగేచోట ఇనప కమ్మీ బిగిస్తే ఆ దయ పోతుంది. లోపల గాలిబుడగలు సమయానికి విచ్చుకోవడం కూడా దెబ్బతినొచ్చునట. అంటే నా ఇల్లు ఊడ్చి, ఆ చెత్త పక్కింటి గుమ్మంలో పోసి, మా ఇల్లు శుభ్రం అనుకోవడం లాంటిదే కదా! ఇక్కడే నా గాజులకీ వాడి బండికీ తేడా వచ్చింది. గాజులు నా చేతికే. బండి మాత్రం మన పేరు మీద ఉన్నా అందరి మధ్యనా తిరుగుతుంది.

ఎత్తు సంగతీ అంతే. బిందె చంకన పెట్టుకున్నదానికీ, నెత్తిమీద పెట్టుకున్నదానికీ నడకలో తేడా మనకి ఒకరు చెప్పాలా? బరువు పైకెక్కినకొద్దీ మలుపులో తూలుతుంది.

ఇంతవరకూ నేనే గెలిచాననుకున్నాను. "మీ నాన్నది అవసరంరా, నీది సరదా" అని కూడా అనేశాను. అన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. అవసరం ఉంటే తప్పు ఒప్పయిపోతుందా? ఆ రోజుల్లో మేం ఆ జీపులో పధ్నాలుగు మందిని ఎక్కించుకున్నాం, సంతకి వెళ్లేవాళ్లని. వెనక ఇద్దరు వేళ్లాడేవాళ్లు. అవసరమే. కానీ లోయకి అవసరమూ సరదా తేడా తెలుసా?

ఇంకొకటి ఉంది. ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

1989 ఆగస్టు. నేను కూడా పని దగ్గర షెడ్డులోనే ఉంటున్నాను. రాత్రి ఎనిమిదింటికి పైగూడెం నుంచి ఒక అమ్మాయిని డోలీలో దింపారు. తొలిచూలు, పొద్దుటినుంచీ నొప్పులు. "బాబూ, జీపులో ఆస్పత్రికి దింపు బాబూ" అని దాని మొగుడు ఆయన కాళ్లు పట్టుకోబోయాడు. అమ్మాయిని వెనక పడుకోబెట్టాం. తల్లి, మొగుడు, ఇంకో ముసలాయన, నేను. మూడు మైళ్లు పోయాక గెడ్డ. పొద్దున్న పాదాలు తడవని గెడ్డ, ఆ వానకి ఎర్రగా ఉరుకుతోంది.

ఆయన దీపాలు వేసి ఉంచి, కర్ర పట్టుకుని నీళ్లలోకి నడిచారు. తెలియని నీళ్లలోకి చక్రం కంటే ముందు కాలు వెళ్లాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. నడుమకి వెళ్లకముందే తొడల దాకా వచ్చాయి. చేతిలో కర్ర నిలవలేదు. వెనక్కి వచ్చి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు కూచున్నారు. వెనక ఆ పిల్ల మూలుగు. తరవాత బండి వెనక్కి తిప్పేశారు.

గూడెంలో ముసలి మంత్రసాని చేసింది. తెల్లవారుజామున కాన్పయింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. పొద్దెక్కేసరికి గెడ్డ మోకాలి లోతుకి తీసేసింది.

వాళ్లెవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. దణ్ణం పెట్టి వెళ్లారు. అన్నదాన్ని నేనే. "దాటేసి ఉంటే ఆ బిడ్డ బతికేదేమో" అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. బకెట్టు తీసుకుని జీపు కడగడానికి వెళ్లిపోయారు. ఆ తరవాత ఇన్నేళ్లలో ఆ రాత్రి మాట మా మధ్య మళ్లీ రాలేదు.

ఇప్పుడు లెక్కలు చదివాను. పరుగెత్తే నీళ్లు రెండడుగులుంటే చాలు, చాలా బళ్లని తేల్చి పట్టుకుపోతాయట. మావాడి థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో పోతుందని కంపెనీవాళ్లు చెబుతారు. అదీ సుమారు రెండడుగులే. నీళ్లు నిలకడగా ఉన్నాయా, పరుగెడుతున్నాయా అన్నది అంకెలో ఉండదు. ఆ రాత్రి బండిలో ఆరుగురం. ఆయన చేసింది ఒప్పేనని నా బుద్ధి చెబుతుంది. ఆ తల్లి ఎదట నించుని ఆ మాట చెప్పగలనా అంటే, చెప్పలేను. లెక్క సరిపోయినా మనసు సరిపెట్టుకోని ఒప్పులు కొన్ని ఉంటాయి కాబోలు. వాటినేమంటారో పెద్దలే చెప్పాలి.

అప్పటినుంచీ నాకు సరదా కంటే అవసరమంటేనే ఎక్కువ భయం. సరదాగా వెళ్లినవాడు వెనక్కి తిరిగొస్తే ఎవరి ప్రాణమూ పోదు. అవసరమైతే వెనక నుంచి మూలుగు వినిపిస్తుంది, ముందుకి తోస్తుంది. మరి అంత హాయిగా వెనక్కి తిరిగే వీలున్నవాళ్లు, పక్కన స్నేహితుడు సెల్‌ఫోనుతో బొమ్మ తీస్తున్నాడని గెడ్డలోకి దిగుతారేవిటో! మా ఆయనకి దొరకని సుఖం వీళ్లకి దొరికితే, దాన్ని నీళ్లపాలు చేస్తున్నారు.

ఈ కథ మావాడికి మర్నాడు చెప్పాను. వాడు తలొంచుకుని విన్నాడు. "నాన్న ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు. సాయంత్రం, "రండి నాన్నా, అలా చింతపల్లి వేపు వెళ్లొద్దాం" అని తీసుకెళ్లాడు. నేనూ, కోడలూ, పిల్లా వెనక సీట్లో. ఆ గెడ్డ మీద ఇప్పుడు వంతెన ఉంది. మావారు ఆపమన్నారు. దిగి, పిట్టగోడ పట్టుకుని కిందకి చూస్తూ నించున్నారు. నేనూ దిగి పక్కన నించున్నాను. "ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది" అన్నాను.

ఆయన వెంటనే ఏం మాట్లాడలేదు. కాసేపాగి, "నేనూ అదే అనుకున్నానోయ్, ఆ రాత్రంతా" అన్నారు. బిడ్డ గురించా, నా మాట గురించా అని నేను అడగలేదు.

తిరిగి బండెక్కుతూ టైరుని కాలితో తట్టి, "వీటిలో గాలి ఎక్కువుందిరా" అన్నారు మావాడితో.

ఇనప చట్రం సంగతి ఇంకా తేలలేదు. వాడు బిగిస్తాననీ అనడు, తిరిగి ఇచ్చేస్తాననీ అనడు. మా పెరట్లో జామచెట్టుకి ఆనించి ఉంది. మా కోడలు వచ్చినప్పుడల్లా దాని మీద తువ్వాళ్లు ఆరేస్తోంది.