అమ్మేశాం కదా, ఇక మనకేం సంబంధం?



ఈ వారం వీడియోలో తులాధారుడి కథ చెప్పుకున్నాం. కాశీలో కొట్టు పెట్టుకున్న ఒక మామూలు వ్యాపారి, జడల్లో పిట్టలు గూళ్లు కట్టుకునేంత తపస్సు చేసిన జాజలికి ధర్మం చెప్పిన కథ. వీడియో చూసి చాలామంది బాగుందన్నారు. నిజం చెప్పాలంటే ఆ కథ చెబుతున్నంతసేపూ నాకు లోపల కొంచెం సిగ్గుగానే ఉంది. ఎందుకో ఇక్కడ రాస్తాను. పది నిమిషాల వీడియోలో ఇమిడే సంగతి కాదు.

మాది విజయవాడ గవర్నర్‌పేట. పాత పుస్తకాల షాపులుండే లెనిన్ సెంటర్ మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. తాతయ్య బతికున్న రోజుల్లో సాయంత్రమైతే అక్కడే ఉండేవారట. ఆయన పోయాక మాకు మిగిలింది రెండు బీరువాల పుస్తకాలు. ఈ మధ్య మేం ఇల్లు మారాల్సి వచ్చింది. కొత్త ఫ్లాట్‌లో అన్ని పుస్తకాలకి చోటు లేదు. నాన్న, "నీకు ఏది కావాలో ఉంచుకుని మిగతావి ఎవరికైనా పనికొచ్చేలా చూడరా" అన్నారు.

అందులో ఒక చందమామ బైండు ఉంది. 1950ల నాటిది, ఒక ఏడాది సంచికలు. చందమామ గురించి మన వయసు వాళ్లకి కొంచెం చెప్పాలి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలుపెట్టిన పిల్లల పత్రిక అది. చక్రపాణి గారిది మన తెనాలే. 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. మన అమ్మానాన్నల తరానికి రామాయణ భారతాలు మొదట తెలిసింది చాలావరకు ఆ కథల నుంచీ ఆ బొమ్మల నుంచీనే. ఇప్పుడు పత్రిక రావడం లేదు కాబట్టి పాత సంచికలు సేకరించేవాళ్లు మంచి ధర ఇస్తున్నారు. అట్టలతో సహా ఉంటే ఇంకా ఎక్కువ. ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య లాంటి వాళ్లు వేసిన అట్ట బొమ్మల కోసమే కొనేవాళ్లున్నారు.

నేను నాలుగు ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టాను. కింద రాసింది ఇదీ: "పన్నెండు సంచికలూ ఉన్నాయి. ఒక్క పేజీ కూడా పోలేదు. ధర 6,500." తెనాలి వైపు నుంచి ఒక పెద్దాయన, రిటైరైన తెలుగు మాస్టారు, బేరం కూడా ఆడకుండా కొన్నారు. పార్సిల్ పంపేశాను. వచ్చిన డబ్బు ఇల్లు మారే ఖర్చుల్లో కలిసిపోయింది.

నాలుగో రోజు మెసేజ్ వచ్చింది.

"బాబూ, పుస్తకం అందింది. సంతోషం. కానీ ఒక సంచికకి అట్ట లేదు. బ్లేడుతో కోసినట్టుంది. మీరు అన్నీ ఉన్నాయని రాశారు కదా. ఒక రెండు వేలు వెనక్కి ఇవ్వండి. లేదంటే పుస్తకమే తిరిగి పంపిస్తాను."

నాకు మొదట వచ్చింది కోపం. ఆన్‌లైన్‌లో ఎన్ని మోసాలు వినలేదు? కావాల్సిన బొమ్మ తీసుకుని, మిగతాది చూపించి డబ్బు అడుగుతున్నాడు అనుకున్నా. ఇలా జవాబిచ్చాను:

"సార్, మా ఇంట్లో ఉన్నప్పుడు పుస్తకం బాగానే ఉంది. మీ చేతికి వచ్చాక ఏం జరిగిందో నాకు తెలీదు. అమ్మిన వస్తువు వెనక్కి తీసుకోను."

ఆయన ఒకే మాట రాశారు. "నలభై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి నాయనా. పుస్తకం కోసే చెయ్యి కాదు నాది."

చదివాను. జవాబు ఇవ్వలేదు.

ఆ వారమే దేవుడి గూడు సర్దుతున్నాం. నాయనమ్మ రోజూ దీపం పెట్టే కృష్ణుడి పటం ఒకటి ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ దానికే దండం పెడుతున్నా. దాని వెనక అట్ట ఊడిపోయి ఉంటే సరిచేద్దామని విప్పాను. బొమ్మ పైభాగం లోపలికి మడిచి ఉంది. మడత విప్పితే అక్కడ అక్షరాలు. చందమామ.

"ఇదెక్కడిది నాయనమ్మా?" అని అడిగా.

"మీ తాతయ్యే కోసి పటం కట్టించారురా. ఆ కృష్ణుడి మొహం నాకు నచ్చిందన్నానని. బైండు పాడవుతుందండీ అంటే, నువ్వడిగావు కదా అన్నారు."

ఆవిడ నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం నోట మాట రాలేదు.

నేను అన్నదాంట్లో అబద్ధం ఎంత?

ఆ రాత్రి నేను రాసిన మాటలు ఒక్కొక్కటీ మళ్లీ చదువుకున్నాను.

మొదటిది: "ఒక్క పేజీ కూడా పోలేదు." ఇది నిజం కాదు. కానీ కావాలని చెప్పిన అబద్ధమూ కాదు. నేను పేజీలన్నీ తిప్పి చూడనే లేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాశాను. అలా రాస్తే ధర వస్తుంది కాబట్టి రాశాను.

రెండోది: "మా ఇంట్లో ఉన్నప్పుడు బాగానే ఉంది." ఇదీ అంతే. కాకపోతే ఈసారి ఒక మనిషి అడిగాక కూడా చూసుకోకుండా అన్నాను. అంటే తప్పు కొంచెం పెరిగింది.

మూడోది: "మీ చేతికి వచ్చాక ఏం జరిగిందో నాకు తెలీదు." విచిత్రం ఏంటంటే, మూడింటిలో అక్షరాలా నిజం ఇదొక్కటే. నాకు నిజంగానే తెలీదు. కానీ ఎక్కువ గాయం చేసిందీ ఇదే. దాని అర్థం "నువ్వే కోశావు" అని. ఆయనకి అలాగే అర్థమైంది. అలా అర్థం కావాలనే నేను రాశాను.

ధర్మరాజు గుర్తొచ్చాడు. ద్రోణపర్వంలో భీముడు అశ్వత్థామ అనే ఏనుగుని చంపుతాడు. ద్రోణుడు తన కొడుకు సంగతి ధర్మరాజునే అడుగుతాడు, ఈయన అబద్ధం చెప్పడని. అశ్వత్థామ చచ్చిపోయాడని గట్టిగా చెప్పి, ఏనుగు అన్న మాట వినపడకుండా అంటాడు. మాటల లెక్కలో చూస్తే అబద్ధం లేదు. అయినా అప్పటిదాకా నేలకి నాలుగు అంగుళాల ఎత్తులో నడిచే ఆయన రథం ఆ క్షణంలో నేలకి దిగిందని వ్యాసుడు చెప్పాడు. చివర్లో ఆ ఒక్క మాటకి నరకం చూడాల్సి వచ్చింది కూడా.

చిన్నప్పుడు నాకు అది అన్యాయం అనిపించేది. ఏనుగు అన్నాడు కదా అని వాదించేవాణ్ణి. ఇప్పుడు అర్థమైంది. నిజం అనేది మన నోట్లోంచి వచ్చిన అక్షరాల్లో ఉండదు. ఎదుటివాడి మనసులో మనం దేన్ని నాటాలనుకున్నామో దాంట్లో ఉంటుంది.

చట్టం ఏమంటుంది, శాస్త్రం ఏమంటుంది?

మన బీసెంట్ రోడ్డులో బట్టలు కొంటే బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉండటం చూస్తూనే ఉంటాం. నేను కూడా ఆ మాటే పట్టుకున్నాను. తర్వాత చూస్తే సంగతి అంత తేలిక కాదు. ఈ-కామర్స్ మీద 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనలు నాలాగా ఇంట్లో వస్తువు ఎప్పుడో ఒకసారి అమ్ముకునేవాళ్లకి వర్తించవు. కానీ 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఒకటుంది. వర్ణన చెప్పి అమ్మితే వస్తువు ఆ వర్ణనకి తగ్గట్టు ఉండాలని దాని 15వ సెక్షన్ అంటుంది. నేను "ఒక్క పేజీ కూడా పోలేదు" అని వర్ణించాను. అంటే చట్టం కూడా పూర్తిగా నా వైపు లేదు.

మన స్మృతులు ఇంకా ముందుకెళ్లాయి. కొన్నాక, అమ్మాక మనసు మారితే ఏం చెయ్యాలన్నది వాళ్లకి ఒక ప్రత్యేకమైన వివాద విషయం. దాన్ని క్రయవిక్రయానుశయం అంటారు. యాజ్ఞవల్క్యుడూ నారదుడూ కొన్న వస్తువుని పరీక్షించుకోవడానికి గడువులు పెట్టారు. పాడి పశువుకి మూడు రోజులు, రత్నాలకి ఏడు రోజులు, విత్తనాలకి పది రోజులు. లోపం బయటపడటానికి ఏ వస్తువుకి ఎంత కాలం పడుతుందో అంత అన్నమాట. యాజ్ఞవల్క్య స్మృతి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరని కేతన 13వ శతాబ్దంలోనే తెలుగులోకి తెచ్చాడు. అంటే ఈ ఆలోచన తెలుగువాళ్లకి కొత్తది కాదు.

ఇక మనుస్మృతి. ఈరోజు మనం ఒప్పుకోలేని మాటలు అందులో చాలా ఉన్నాయి. కానీ అమ్మకం గురించి ఒక మాట నన్ను ఆపేసింది. లోపం ఉన్నదాన్నీ, తక్కువైనదాన్నీ అమ్మకూడదని చెప్పి, దూరంగా ఉన్నదాన్నీ కప్పి ఉంచినదాన్నీ కూడా అదే వరసలో చేర్చాడు. ఎందుకు? కొనేవాడు చేత్తో పట్టుకుని చూడలేడు కాబట్టి. ఆన్‌లైన్‌లో మనం అమ్మేదంతా అలాంటిదే కదా! నాలుగు ఫోటోల అవతల ఉన్నదంతా కప్పి ఉన్నట్టే. కొనేవాడు వస్తువుని కాదు, ముందు మన మాటని కొంటున్నాడు.

అందుకే అనుమానం వచ్చినప్పుడు వెతుక్కోవాల్సిన బాధ్యత ముందు అమ్మినవాడిది. వస్తువు ఏళ్ల తరబడి ఉన్నది మన ఇంట్లో. దాని చరిత్ర తెలుసుకునే దారి మనకే ఉంది. నాకు ఆ దారి ఎంత దూరం? హాల్లోంచి దేవుడి గూటి దాకా. నాయనమ్మని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది.

మరి అవతలివాడే మోసగాడైతే?

ఈ ప్రశ్న మీలో చాలామందికి వస్తుంది. సరైన ప్రశ్నే. నిజంగానే వస్తువు మార్చి పంపేవాళ్లు ఉన్నారు. ధర్మం అంటే ఎవడేం అడిగినా ఇచ్చెయ్యడం కాదు. ప్యాక్ చేసేటప్పుడు వీడియో తీసుకోండి. లోపాలు ముందే రాయండి, వాటికి కూడా ఫోటో పెట్టండి. వివాదం వస్తే ఆధారం చూపించమని అడగండి. అన్నీ చూశాక కాదనాల్సి వస్తే కాదనండి. అందులో పాపం లేదు.

కానీ "నేను చూసుకున్నాను, నా వైపు తప్పు కనపడలేదు, డబ్బు ఇవ్వలేను" అనడం వేరు, "నువ్వు దొంగవి" అన్నట్టు మాట్లాడటం వేరు. మొదటిది నిర్ణయం. రెండోది నింద. గీత పదిహేడో అధ్యాయంలో కృష్ణుడు మాటతో చేసే తపస్సు గురించి చెప్పాడు. మాట ఎదుటివాణ్ణి కలవరపెట్టకూడదు, నిజమై ఉండాలి, ప్రియంగా ఉండాలి, మేలు చెయ్యాలి. నాలుగూ కలిపి. నా మెసేజ్‌లో ఒక్కటి కూడా లేదు.

తులాధారుడి గొప్పతనం కూడా ఇక్కడే ఉందనిపిస్తుంది. తన త్రాసు అందరికీ సమానం అంటాడు ఆయన. అంతకుముందు నేను దాన్ని కొనేవాళ్లందరికీ ఒకటే తూకం అని అర్థం చేసుకున్నా. ఇప్పుడు ఇంకో అర్థం కనపడుతోంది. ఆ త్రాసులో అమ్మేవాడు తనని కూడా తూచుకోవాలి. మాస్టారిని అనుమానించడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. నన్ను నేను అనుమానించుకోవడానికి పటం ఊడిరావాల్సి వచ్చింది. రెండు పళ్ళేలూ సమానంగా లేవు కదా?

తర్వాత ఏం చేశాను

మర్నాడు పొద్దున్నే మాస్టారికి ఫోన్ చేశా. జరిగింది జరిగినట్టు చెప్పాను. మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాను, పుస్తకం పంపే ఖర్చు కూడా నాదే అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "పుస్తకం నా దగ్గరే ఉండనీ. అడిగిన రెండు వేలు ఇవ్వండి చాలు" అన్నారు. పటంలోంచి ఆ అట్ట తీసి పంపమంటారా అని అడిగా. నాయనమ్మ కూడా సరేనంది, నాకు ఆశ్చర్యం వేసింది. ఆయన ఒప్పుకోలేదు. "దీపం పెట్టే చోటి నుంచి తీయకండి" అన్నారు.

రెండు వేలు పంపాను. ఆ నెల జీతం దాకా కొంచెం ఇబ్బందే అయింది. గవర్నర్‌పేటలోనే ఒక షాపులో ఆ బొమ్మని అసలు సైజులో కలర్ ప్రింట్ తీయించి పోస్టు చేశాను. "అందింది" అని ఒక్క మాట వచ్చింది. అంతే.

మొదట్లో ఆయన నన్ను "బాబూ" అన్నారు. కోపంలో కూడా "నాయనా" అన్నారు. ఫోన్‌లో మాట్లాడినంతసేపూ ఆ పిలుపు రాలేదు. క్షమించండి అని నేను రెండుసార్లు అన్నా, "ఫర్వాలేదండీ" అన్నారు. ఆ "అండీ" నాకు ఇంకా వినపడుతూనే ఉంది. డబ్బు వాపసు ఇవ్వొచ్చు. వస్తువు వాపసు తీసుకోవచ్చు. అనేసిన మాటకి మాత్రం ఏడు రోజుల గడువు కూడా ఉండదు.

ఇప్పుడు ఆ కృష్ణుడి ముందు నిలబడినప్పుడల్లా ఒకటి అనుకుంటాను. ఎవరినైనా అనుమానించేముందు మన ఇల్లు ఒకసారి వెతుక్కోవాలి. దేవుడి గూటితో సహా.

మీరూ ఈ వారం ఏదైనా అమ్ముతుంటే, కొంటుంటే, ఎవరితోనైనా చిన్న గొడవలో ఉంటే, జవాబు పంపేముందు ఒక్క నిమిషం ఆగండి. ఇంట్లో పెద్దవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి. దుర్గమ్మ తల్లి దయ మనందరి మీదా ఉండాలి.

శుభం.