చిన్నవారియొద్ద నిలుచువారికి తోడు



ఈ మాసము మన ధ్యానమునకు మార్కు సువార్త 10వ అధ్యాయము 13 మొదలు 16 వరకు గల వచనములను తీసికొనుచున్నాము. ఈ భాగము మనలో ఎవరికిని క్రొత్తది కాదు. పిల్లల ఆదివారమున తప్పక చదువుదుము. గోడ క్యాలెండర్లమీద ఆ బొమ్మను చూచుచునే యున్నాము. అయితే ఆ బొమ్మలో మన కన్ను ప్రభువుమీదను పిల్లలమీదను నిలుచును గాని, ప్రక్కన ముఖము చిన్నబుచ్చుకొని నిలిచిన శిష్యులమీద నిలువదు. ఈసారి ఆ శిష్యులను చూతము.

వారు చెడ్డవారు కారు. గురువు అలసియున్నాడు, పెద్దల సంగతులు మాటలాడుచున్నాడు, ఈ సమయమున పిల్లల గోల ఏల అని తలంచియుందురు. మన దేవాలయములోను ప్రసంగ సమయమున పసిబిడ్డ ఏడ్చిన యెడల తల్లివైపు తిరిగి చూచు పెద్దలు లేకపోలేదు. సంగతేమనగా, శిష్యులకు ఈ విషయమై పాఠము ముందే చెప్పబడియుండెను. ఒక అధ్యాయము వెనుకకు త్రిప్పి చూడుడి. కపెర్నహూములో, ఇంటిలో, ప్రభువు ఒక బిడ్డను వారి నడుమ నిలిపి, చేతులలోనికి తీసికొని, ఇట్టివారిని చేర్చుకొనుట తన్ను చేర్చుకొనుటయేనని నేర్పియుండెను. విన్నారు. తల ఊపియుందురు. యొర్దాను దాటగానే మరచిరి.

అప్పుడు ప్రభువేమి చేసెను? కోపపడిన మాట నిజమే. అయినను మీరు పనికిరారని వారిని పంపివేయలేదు. పిల్లలను దగ్గరకు పిలిచి, వారి కన్నులయెదుట ఆ పనిని రెండవసారి తానే చేసి చూపెను. చెప్పి ఊరకుండలేదు, ఎత్తుకొని చూపెను. చిన్నపిల్లల మధ్య పనిచేయువారిని తర్ఫీదు చేయు విధము ఇదియేనని మాకు ఇటీవలనే తెలిసినది. ఎట్లు తెలిసినదో చెప్పుటకు మాకు సిగ్గుగా నున్నను చెప్పుదుము.

మూడేండ్ల క్రిందట మా సంఘములో ఇంటర్మీడియెట్ పూర్తిచేసిన ఒక అమ్మాయి క్రిస్మస్ నాటకములో చక్కగా మాటలాడెను. సండేస్కూలునకు ఈమె చాలునని మేమనుకొంటిమి. బొమ్మల చార్టులను, హాజరు పుస్తకమును, గది తాళపుచెవిని చేతికిచ్చి, రెండవ ఆరాధనకు ప్రక్క ఊరికి సైకిలెక్కి పోతిమి. మూడేండ్ల బిడ్డ మొదలు పండ్రెండేండ్ల పిల్లవాని వరకు ముప్పదిమంది ఒకే చాపలమీద. అయిదు నెలలు గడచిన తరువాత ఆమె వచ్చి తాళపుచెవిని మా బల్లమీద పెట్టి, "అయ్యగారూ, నాకు చేతకావడం లేదు" అనెను. "ప్రార్థన చేసుకో అమ్మా, ప్రభువు బలమిస్తాడు" అని మేమంటిమి. ఆ మాట సత్యమే. అయితే ఆ దినమున మేము ఆ మాటను తలుపు మూయుటకు వాడుకొంటిమి. ఆమె వెళ్లిపోయెను, ఆదివారము ఆరాధనకును రాకపోయెను.

తరువాత మా ఇంటి అమ్మగారివలన తెలిసినదేమనగా, ఆ అమ్మాయి ప్రతి ఆదివారము గొంతు పోవునంతగా అరచుచుండెను. ఒకనాడు స్కేలుతో వ్రేళ్లమీద కొట్టగా, నాలుగేండ్ల పిల్లవాడు భయముచేత నిక్కరు తడుపుకొనెను. ఆ రాత్రి ఆమె అన్నము ముట్టక ఏడ్చెను. నాలుగేండ్ల బిడ్డ ముప్పావు గంట కదలక కూర్చుండలేడని ఆమెకు ఎవరు చెప్పిరి? మేము చెప్పలేదు. మాకును ఎవరు నేర్పిరి? సెమినరీలో మేము ప్రసంగము సిద్ధపరచుట నేర్చుకొంటిమి, దిద్దించుకొంటిమి. పసిబిడ్డకు కథ చెప్పునప్పుడు మాత్రము ఎవరును మా ప్రక్కన కూర్చుండి దిద్దలేదు.

మా సంఘపు సహోదరి యొకరు అంగన్‌వాడీలో టీచరుగా పనిచేయుచున్నారు. మేము ఒక ఉదయమున వెళ్లి ఆమె చాపమీదనే ఒక మూల కూర్చుంటిమి. పిల్లల గోల పెరిగినప్పుడు ఆమె గొంతు పెంచలేదు, తగ్గించెను. పిల్లలు వినుటకు తామే ఊరకుండిరి. ఒక గిన్నె మూత, గుప్పెడు చింతగింజలు, ఇవే ఆమె పనిముట్లు. ఒక పాట, కొంతసేపు లెక్క, మరల లేచి గంతులు. ఏదియు పావుగంట దాటలేదు. గుమ్మముయొద్ద తల్లికొరకు ఏడ్చుచున్న పిల్లవానికి పళ్లెములు పంచు పని అప్పగించగా వాడు ఏడ్పు మరచెను. ఇదంతయు ఎక్కడ నేర్చితివమ్మా అని అడిగితిమి.

"ట్రైనింగులో పుస్తకం ఇచ్చారయ్యగారూ, మంచిదే. కాని ఏడ్చే పిల్లను ఓదార్చడం మాత్రం పాత టీచరమ్మను చూసే నేర్చుకున్నాను. మొదటి ఆరు నెలలు ఆమె వెనకాలే తిరిగాను."

ఈ పని పుట్టుక కూడ అట్టిదే. మన దేశములో అంగన్‌వాడీలు గల ప్రభుత్వ పథకము 1975 అక్టోబరు 2న ఆరంభమైనది. అంతకు ముందే, 1945లో, నేటి మహారాష్ట్రలోని బోర్డీ గ్రామమున తారాబాయి మోడక్ పసిపిల్లలకు బాలవాడి తెరచిరి. ఆమె భావనగరులో గిజుభాయి బధేకాతో కలిసి పనిచేసి ఈ విద్య నేర్చినవారు. బీదపిల్లలు బడికి రాకపోగా, బడినే వారి వాకిటికి తీసికొని పోయిరి. అంగన్ అనగా వాకిలియే గదా. ఆకులు, గులకరాళ్లు, గవ్వలు వారి పాఠ్యవస్తువులు. ఆ సంవత్సరమే అనుతాయి వాఘ్ ఆమెతో చేరిరి. అనుతాయి బాల్యములోనే వితంతువై, చదువుకొని, అప్పటికే బడిలో ఉపాధ్యాయిని. అయినను పసిపిల్లల పని మరల మొదటినుండి నేర్చుకొనిరి. 1973లో తారాబాయి చనిపోవు వరకు, ఇరువదియెనిమిది ఏండ్లు, ఇద్దరును కలిసి పనిచేసిరి.

2020 జాతీయ విద్యావిధానములోను ఈ తలంపు కనబడుచున్నది. పండ్రెండవ తరగతి చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల శిక్షణ, అంతకు తక్కువ చదివినవారికి ఒక సంవత్సరపు శిక్షణ అని వ్రాసిరి. అంతటితో విడువక, నెలకు కనీసము ఒకసారి వారిని కూర్చుండబెట్టి వారి పని చూడవలెననియు వ్రాసిరి. కాగితముమీద చక్కగానే యున్నది. రిజిస్టర్లు నింపుట, ఫోనులో లెక్కలు ఎక్కించుట తరువాత పిల్లలకు ఎంత పొద్దు మిగులునో మన సహోదరీలనే అడుగుడి.

దిద్దుటకు కూడ ఒక రీతి గలదు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో అపొల్లో మాటకారియే గాని, అతని బోధలో కొరత యుండెను. అకుల ప్రిస్కిల్లలు సమాజమందిరములో లేచి అతని తప్పు పట్టలేదు. వేరుగా తీసికొనిపోయి వివరించిరి. మన పెద్దలు కొందరు పిల్లల యెదుటనే టీచరును గద్దించుచున్నారు. ఇకమీదట అట్లు చేయవద్దని బ్రతిమాలుచున్నాము.

గడచిన మాసము మేమును అమ్మగారును ఆ అమ్మాయి ఇంటికి వెళ్లితిమి. ఆమె తల్లితో కూర్చుండి మిరపకాయల తొడిమలు తీయుచుండెను. తప్పు నీది కాదమ్మా, ఒంటరిగా విడిచిన మాదని ఆమె తల్లి యెదుటనే క్షమాపణ అడిగితిమి. చాలసేపు తల ఎత్తలేదు. పిమ్మట, "ఒక్కదాన్నే అయితే రాను అయ్యగారూ" అనెను.

కావున ఏర్పాటు ఇది. ఆరేండ్లలోపు పిల్లలు వేరుగా వరండాలో కూర్చుందురు. ఆరు నెలలపాటు అంగన్‌వాడీ సహోదరి పాఠము చెప్పగా ఈ అమ్మాయి ప్రక్కనుండును. తరువాత ఈమె చెప్పగా ఆమె ప్రక్కనుండును. స్కేలు మా ఇంటిలోనే యుండును. రెండు చాపలు కావలెను. సంఘ పెద్దలు ఈ కోతల కానుకలలోనుండి కొనిపెట్టవలెను. ప్రతి శనివారము దీపాలవేళ మా ఇంట కూడుకొని, మరునాటి కథను ఒకరికొకరము చెప్పుకొని దిద్దుకొనుచున్నాము.

మొదటి శనివారము జక్కయ్య కథను మేమే చెప్పితిమి. బాగుగానే చెప్పితిమనుకొంటిమి. ఆ అమ్మాయి మెల్లగా, "అయ్యగారూ, సుంకపు గుత్తదారుడు అంటే అయిదేళ్ల పిల్లకు ఏం తెలుస్తుంది?" అని అడిగెను. వచ్చు శనివారము ఆ కథను మేము మరల చెప్పవలసియున్నది.