తాడూ దైవమూ

చిన్న విమానం ఆకాశంలో కంటే నేల మీద నిలిపి ఉన్నప్పుడే గాలికి ఎక్కువ లొంగిపోతుంది. నలుగురు కూర్చునే సెస్నా 172నే తీసుకుందాం. ఖాళీగా ఉంటే దాని బరువు సుమారు ముప్పావు టన్ను. నిండు బరువుతో, ఫ్లాపులు దించి ఎగిరేటప్పుడు కూడా గంటకు 90 కిలోమీటర్ల వేగం ఉంటే చాలు, గాలిలో నిలబడుతుంది. ఆ వేగం ఇంజను తెచ్చిందా, ఎదురొచ్చిన ఈదురుగాలి తెచ్చిందా అన్నది రెక్కకు పట్టదు. లోపల పైలట్ ఉన్నాడో లేడో కూడా దానికి తెలియదు. గాలి వేగం రెట్టింపైతే పైకెత్తే బలం నాలుగింతలవుతుంది. ముక్కు కాస్త పైకి లేచిందంటే ఏ గుణం వల్ల అది విమానమైందో ఆ గుణమే దాన్ని తలకిందులు చేస్తుంది. అందుకే ఆపిన విమానాన్ని నేలకు కట్టేస్తారు. గాలి మన చేతిలో లేదు, అది దైవాధీనం అని నమ్మేవాడు తాడు ఎందుకు కట్టాలి? కట్టినా విరిగిపోతే ఆ కట్టుకు అర్థమేముంది? దైవమూ పురుషకారమూ అనే మన పాత తర్కం ఈ తాడు దగ్గర చాలా స్పష్టంగా కనిపిస్తుంది. కట్టడం విశ్వాసంలో లోటు కాదు, విశ్వాసం చేయవలసిన పనే అన్నది నా వాదన. చేయకుండా వదిలేసిన పనికి దైవం పేరు పెట్టడమే అసలైన అవిశ్వాసం.

కట్టే పద్ధతిని దగ్గర నుంచి చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. అమెరికా పౌరవిమానయాన సంస్థ 1983లో దీని మీదే ఒక సలహాపత్రం వెలువరించింది. వీలైనంతవరకు గాలి వచ్చే దిక్కుకే ముక్కు తిప్పి నిలపాలి. చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టాలి. తోకలోనూ రెక్కల వెనక అంచుల్లోనూ కదిలే పలకలు గాలికి కొట్టుకోకుండా కంట్రోళ్లకు తాళం వేయాలి. రెక్కల కింది రింగుల నుంచి, తోక నుంచి తాళ్లు ఏటవాలుగా దింపి నేలలో పాతిన లంగరుకు కట్టాలి. మామూలు గుంజలు చాలవు, ఎందుకంటే గాలివానకు నేల నానితే అవి ఊడొస్తాయి. అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది తాడు బిగింపు గురించి చెప్పిన మాట. సుమారు ఒక అంగుళం వదులు ఉంచాలట. అంతకంటే వదులైతే విమానం కదిలి కదిలి తాడును కుదుపుతూ తెంపుకుంటుంది. మరీ బిగిస్తే తలకిందులుగా ఎగిరేటప్పుడు పడేలాంటి ఒత్తిడి రెక్కల మీద పడుతుంది, చాలా విమానాలను దాన్ని తట్టుకునేలా కట్టలేదు. పైగా పాతకాలపు మనీలా తాడు తడిస్తే ముడుచుకుని తనంతట తానే బిగుసుకుంటుంది. ఆ అంగుళం వదిలిన చేతికి గాలి తనకంటే పెద్దదని తెలుసు, దాన్ని పూర్తిగా ఆపలేనని కూడా తెలుసు. కట్టకుండా వెళ్లిపోయేవాడికి లేనిది ఈ వినయమే. ‘ఏం కాదులే’ అనుకోవడం భక్తిలా వినిపించవచ్చు గాని, రేపటి గాలి ఎంత వీస్తుందో తనకు ముందే తెలుసన్న ధీమా అందులో ఉంది.

మన గ్రంథాలు ఈ విషయంలో ఒకే మాట చెప్పలేదు, అది మంచిదే. అనుశాసన పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అని అడిగితే, జవాబు విత్తనమూ పొలమూ అన్న పోలికతో మొదలవుతుంది. యోగవాసిష్ఠంలోని ముముక్షు ప్రకరణం ఇంకా కటువుగా మాట్లాడుతుంది. దైవమంటే మునుపు మనం చేసిన ప్రయత్నమే తప్ప వేరొకటి కాదంటాడు వసిష్ఠుడు. గీత పద్దెనిమిదో అధ్యాయంలో పనికి ఐదు కారణాలు చెబుతూ చోటు, కర్త, సాధనాలు, రకరకాల చేష్టలు అని నాలుగు లెక్కపెట్టి దైవాన్ని ఐదోదిగా పేర్కొంటుంది. తానొక్కడే కర్తనని అనుకునేవాడికి సరైన చూపు లేదని వెంటనే అంటుంది కూడా. ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. రామానుజుల భాష్యంలో ఆ ఐదో కారణం మిగిలిపోయిన శేషం కాదు, లోపలుండి అన్నిటినీ నడిపే పరమాత్మ, అందుకే ప్రధాన కారణం. అలాంటప్పుడు మన వంతు పని, ఆపైన దైవం అని వాటాలు వేసే వీలుందా? లేదనే ఒప్పుకోవాలి. కానీ ఆ ఒప్పుకోలు కట్టనివాడికి పనికిరాదు. గాలిని నడిపే శక్తే ముడి వేసే వేళ్లనూ నడుపుతుంటే, ముడి వేయడం ఆ శక్తికి అడ్డుపడటం ఎలా అవుతుంది? దైవం ఈదురుగాలిలో మాత్రమే ఉండి తాడులో లేదనుకోవడమే ఆ భాష్యానికి విరుద్ధం.

అసలు చిక్కు కట్టినవాడు కూడా నష్టపోయినప్పుడు వస్తుంది. 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ దక్షిణ ఫ్లోరిడాను తాకినప్పుడు టామియామీ విమానాశ్రయంలో హ్యాంగర్లు కూలిపోయాయి. అక్కడి వీక్స్ ఎయిర్ మ్యూజియంలో భద్రపరచిన పాత విమానాలు కూడా ధ్వంసమయ్యాయి. 2011 మార్చి 31న అదే రాష్ట్రంలోని లేక్‌లాండ్‌లో విమానాల మేళా జరుగుతుండగా సుడిగాలి వచ్చి, వరుసగా నిలిపిన చిన్న విమానాలను తిరగేసింది. జాగ్రత్త పడినవాడికీ పడనివాడికీ ఒకే గతి పట్టే రోజులు ఉన్నాయి, వాటిని దాచి వాదించడం నాకిష్టం లేదు. అయితే ఆ రోజులు రుజువు చేసేది జాగ్రత్తకు హద్దు ఉందని మాత్రమే. అది వ్యర్థమని కాదు. సుడిగాలి ఒకనాడు వస్తుంది, తాళ్లు తెంపలేని మామూలు ఈదురుగాలి ఏటా ఎన్నోసార్లు వీస్తుంది. బ్రిటిష్ న్యాయం ఈ హద్దును చాలాకాలంగా వెతుకుతూ ఉంది. 1876 నాటి నికల్స్ కేసులో కనీవినీ ఎరగని వానకు కృత్రిమ చెరువుల కట్టలు తెగి కిందనున్న వంతెనలు కొట్టుకుపోయాయి. కట్టలు సరిగానే కట్టారని తేలాకనే కోర్టు దాన్ని దైవఘటన అంది. గ్రీనక్ పట్టణంలో పిల్లల ఆటకొలను కోసం వాగు దారి మళ్లించిన పురపాలక సంఘం, వరద వచ్చి నష్టం జరిగాక అదే మాట చెప్పుకుంటే 1917లో కోర్టు ఒప్పుకోలేదు. రెండిట్లోనూ వాన పెద్దదే. మనిషి ఏం చేశాడన్న ప్రశ్నకు జవాబు దొరికేదాకా దైవం పేరు ఎత్తడానికి న్యాయమూర్తులు వీలివ్వలేదు. మత విశ్వాసానికి కూడా ఇంత నిజాయితీ ఉండాలని నా ఉద్దేశం.

చివరి అభ్యంతరం శరణాగతి నుంచి వస్తుంది. శ్రీవైష్ణవంలో తెంగలై వారు పిల్లిపిల్ల దృష్టాంతం చెబుతారు. తల్లి నోట కరచుకుని తీసుకుపోతుంది, పిల్ల చేయవలసింది ఏమీ లేదు. తల్లిని తానే పట్టుకుని వేలాడే కోతిపిల్ల వడగలై వారి దృష్టాంతం. పిల్లిపిల్లకు తాడు ఎందుకని అడగవచ్చు. కానీ ఆ చర్చ మోక్షం గురించి. మోక్షం మన ప్రయత్నానికి దక్కే కూలి కాదన్నవారే స్వామి కైంకర్యంలో వేళ తప్పనివ్వరు, పువ్వు వాడనివ్వరు. ఫలం నాది కాదనుకోవడం ఒకటి, పని నాది కాదనుకోవడం వేరొకటి. ఇంకొక సంగతి ఈ వాదంలో తరచూ మరుగున పడుతుంది. విమానాలు ఒంటరిగా నిలబడవు, పక్కపక్కనే వరుసలో ఉంటాయి. తాడు లేని విమానం గాలికి లేచినప్పుడు తన యజమాని విశ్వాసాన్ని మాత్రమే పరీక్షించదు, తాళ్లు సరిగ్గా కట్టుకున్న పక్కవాడి రెక్క మీద పడుతుంది. నా సొత్తును నేను దైవానికి వదిలేయవచ్చేమో, అది నా ఇష్టం. పక్కవాడి సొత్తునూ, ఆ వరుసలో నడిచేవాళ్ల ప్రాణాలనూ వాళ్లను అడగకుండా నా నమ్మకానికి పందెం కట్టే హక్కు ఏ శాస్త్రమూ నాకు ఇవ్వలేదు. హరికేన్ వస్తోందని రోజుల ముందే కబురు తెలిస్తే తాళ్లను కూడా నమ్ముకోకుండా విమానాన్ని తుపాను దారి నుంచి దూరంగా ఎగరేసుకుపోవడం ఉత్తమమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. మన కోస్తాలోనూ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయం కప్పును చీల్చే ముందు హెచ్చరికలు వచ్చాయి. ఆ కబురు అందాక కూడా కదలనివాడు తర్వాత దైవాన్ని తలుచుకోవచ్చు, కాని పక్కవాడు అడిగే ప్రశ్నకు అది జవాబు కాదు.