జ్ఞానమునకు స్వపర భేదము కలదా?

బృహస్పతి సింహరాశిలో ప్రవేశించునపుడు గోదావరీ నదికి పుష్కరములు వచ్చును. 2015 జూలైలో అట్టి పుణ్యకాలమే వచ్చినది. ధర్మపురి, గోదావరిఖని, కాళేశ్వరము మొదలగు తీరములలో స్నానమాచరించు భక్తునకు ఆ ముహూర్తమును తెలుపునది గ్రహగణితము. ఆ గణితములో పరదేశీయుల భాగము కొంత కలదని తెలిసినచో దాని పవిత్రత తగ్గునా?

గురుడు సుమారు 11.86 సంవత్సరములలో రాశిచక్రమును చుట్టివచ్చును. ఐనను ఇంచుమించు 13 నెలల కొకసారి, నాలుగు నెలలపాటు వెనుకకు నడచునట్లు కనిపించును. ఇదియే వక్రగతి. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దిలో యవన పండితుడైన యుడాక్సస్, భూమి చుట్టును ఒకదానిలో నొకటి ఇమిడి తిరుగు గోళములను కల్పించి దీనిని వివరింప యత్నించెను. గ్రహకాంతి ఏల హెచ్చి తగ్గుచున్నదో ఆ గోళములు చెప్పలేకపోయినవి. తరువాతివారు పెద్ద వృత్తముపై చిన్న వృత్తమును త్రిప్పిరి. క్రీస్తుశకము 2వ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరమున టాలెమీ ఆ పద్ధతిని విపులమైన గణితముగా తీర్చెను. మన సూర్యసిద్ధాంతములోని మంద, శీఘ్ర వృత్తములును ఇట్టి కల్పనలే.

6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన పంచసిద్ధాంతికలో రోమక, పౌలిశ సిద్ధాంతములకు చోటిచ్చెను. యవనులు మ్లేచ్ఛులైనను ఈ శాస్త్రము వారియందు చక్కగా నెలకొన్నందున ఋషులవలె పూజ్యులని బృహత్సంహితలో పలికెను. స్వీకరించుట దాస్యము కాదు. అతనికి ముందే ఆర్యభటుడు భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదని స్వతంత్రముగా చెప్పగలిగెను.

పరుల విద్యను గ్రహించిన స్వధర్మము చెడునని కొందరు శంకింతురు. గణితము స్నానము ఎప్పుడో చెప్పును, ఎందులకో చెప్పదు. ఆ రెండవది భక్తుని హృదయమునకు సంబంధించినది. 1543లో కోపర్నికస్ గ్రంథము వెలువడిన పిమ్మట, భూమియే సూర్యుని చుట్టివచ్చుచు గురుని దాటిపోవుటచేత వక్రగతి కనిపించునని క్రమముగా లోకము గ్రహించినది. పాత వృత్తములు తొలగినవి. గోదావరీ స్నానము తొలగలేదు.

గోదావరిఖనిలో సింగరేణి గనులలోనికి దిగువారు పలు ఊళ్ళవారు, పలు కులములవారు. వారు త్రవ్విన బొగ్గుతో వెలిగిన దీపమును ఎవ్వరును కులమడిగి ఆర్పుకొనరు. కాని ఆ వెలుగులో కూర్చుండి, పొరుగువాని కులమడిగి దూరముంచు గృహస్థుడు లేకపోలేదు. విద్య కొరకు పరదేశీయుని ఋషితో సమానముగ గౌరవించిన సంప్రదాయము మనది. పుష్కర స్నానము చేసి తీరమెక్కినవాడు తన ప్రక్కన తడిబట్టలతో నిలిచినవానికి ఆపాటి గౌరవమైన నీయకున్నచో, ఆ మునక దేహమును మాత్రమే తడిపినట్లగును.