ఎండిన బావి యెవరి ఖాతాలో?

మంజీరపై 1905వ సంవత్సరమున కట్టబడిన ఘనపురము ఆనకట్టనుండి మహబూబు నహరు, ఫతే నహరు అను కాలువలు మెదకు ప్రాంతపు పొలములకు నీరిచ్చుచున్నవి. కాలువ యందని మెట్టవారికి బావియే దిక్కు. ఈ నేల క్రింద నున్నది గట్టిరాయి. నీరు శిథిలమైన పైపొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే నిలుచును. కావున బోరు వేయించుటకు ముందు పంగపుల్ల పట్టువానినో, అరచేత కొబ్బరికాయ నిలుపువానినో రైతు పిలిపించును.

నీరు పడినచో జాడ చెప్పినవాని ప్రజ్ఞను ఊరెల్ల పొగడును. పడనిచో రైతు తన నొసటివ్రాతను నిందించుకొనును. పండిన బావి ఒకని ఖాతాలోను, ఎండిన బావి మరియొకని కర్మలోను జమయగుచున్నవి. ఇట్టి లెక్కలో జాడ చెప్పువాడు ఎన్నడును ఓడడు. ఇది గణితదోషము మాత్రమే కాదు, అధర్మమని మేము చెప్పుచున్నాము.

అనుభవమునుండి సంభావ్యతను గణించు విధము సులభము. ఫలించిన ప్రయత్నముల సంఖ్యను మొత్తము ప్రయత్నముల సంఖ్యచే భాగింపవలెను. ఒకడు 20 చోట్లు చూపగా 12 చోట్ల నీరు పడినదనుకొందము. సంభావ్యత నూటికి 60. ఎండిన ఎనిమిదింటిని మరచినచో అదియే నూటికి నూరగును! మరియు, ఎవ్వరి నడుగక అచ్చటనే వేసిన 20 బోర్లలోను 12 పడినచో పుల్ల చేసిన సాయమేమి? ఇరువది యనునదియు అల్పసంఖ్యయే. ప్రయత్నములు పెరిగినకొలది ఈ నిష్పత్తి నిజమైన సంభావ్యతను సమీపించునని యాకోబు బెర్నూలీ నిరూపించెను. ఆతని గ్రంథము మరణానంతరము 1713లో వెలువడెను.

విద్యావంతులును ఈ మోహమునకు అతీతులు కారు. 1987-88 సంవత్సరములలో జర్మనీయందు మ్యూనిక్ వద్ద, 500 మందినుండి ఎన్నుకొన్న 43 మందిచే 843 పరీక్షలు చేయించిరి. కొట్టపు క్రిందిభాగమున బండిమీద జరుపబడు నీటిగొట్టము ఎక్కడ నున్నదో పై అంతస్తునుండి చెప్పవలెను. కొందరి ఫలితములు అసాధారణములని పరీక్షకులు చాటిరి. జిమ్ ఎన్‌రైట్ అను శాస్త్రజ్ఞుడు ఆ అంకెలనే మరల పరిశీలించి, అవి యాదృచ్ఛికమునకు మించినవి కావనెను. నెగ్గినవారిని ఏరుకొని తక్కినవారిని విడుచుట అచ్చటను ఇచ్చటను ఒకే దోషము.

రైతు ఆశను ఏల హరింతురని కొందరడుగవచ్చును. అప్పు తెచ్చి వేసిన బోరు ఎండినపుడు మిగులునది ఆశ కాదు, అప్పే. ప్రతి గ్రామమునను ఒక పుస్తకముంచి, బోరు వేసిన చోటు, లోతు, చూపినదెవరు, నీరు పడెనా లేదా యను సంగతులు వ్రాయవలెను. జాడ చెప్పువానికిని ఇది న్యాయమే. నేర్పున్నచో అంకెలే సాక్ష్యమిచ్చును. రేపటి బోరు తప్పక ఫలించునని ఏ లెక్కయు హామీ యీయజాలదు. కాని తన సొమ్మును ఎంతటి జూదమున నొడ్డుచున్నాడో రైతు ముందుగా నెరుగును. బోరు ఎండిననాడు తన పాపఫలమని తలవంచుకొనడు.