రెండు నిమిషాల ఖరీదు

“రోడ్డు ఖాళీగా ఉంది, కారు కొత్తది, నాకు డ్రైవింగ్ బాగా వచ్చు. కాస్త వేగంగా పోతే తప్పేమిటి?” అని మన యువకులు అడుగుతుంటారు. “చావు రాసిపెట్టి ఉంటే నిదానంగా పోయినా తప్పదు కదా!” అని కొందరు పెద్దలు సైతం అంటుంటారు. మన ఇళ్లలో తరచూ వినిపించే ఈ మాటల్లో నిజమెంతో ఆలోచిద్దాం.

హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డునే తీసుకుందాం. దానిపై కార్ల గరిష్ఠ వేగం గంటకు 100 కి.మీ.గా ఉండేది. 2023లో దాన్ని 120కి పెంచారు. అంటే ఆ ఉత్తర్వుకు ముందు రోజు 115 వేగంతో పోవడం తప్పు, తర్వాత ఒప్పు. మరి ఒక సంతకంతో తప్పొప్పులు తారుమారవుతాయా?

పరిమితి ఒక వాగ్దానం

120 అనే అంకెలో మహత్యమేమీ లేదు. అది మనుషులు పెట్టుకున్న హద్దే. అయితే రోడ్డు మీద ముక్కూ మొగమూ తెలియని వేలమంది ఒకరినొకరు నమ్ముకొని ప్రయాణిస్తారు. లేన్ మారదలచినవాడు అద్దంలో చూసి, వెనుక బండి వచ్చేలోగా తప్పుకోవచ్చని లెక్క వేసుకుంటాడు. ఆ బండి హద్దులోనే వస్తుందన్న నమ్మకంతో వేసిన లెక్క అది. 150తో దూసుకొచ్చేవాడు ఆ నమ్మకాన్ని వమ్ము చేస్తున్నాడు. అంకె మారవచ్చు గాని మాట నిలబెట్టుకోవలసిన బాధ్యత మారదు. లైసెన్సు తీసుకున్న నాడే మనం ఆ మాట ఇచ్చాం.

లాభమెంత? నష్టమెవరికి?

గచ్చిబౌలి నుండి శంషాబాద్ వరకు రమారమి 22 కి.మీ. 120 వేగంతో 11 నిమిషాలు పడుతుంది. 150తో పోతే 9 నిమిషాలు. మిగిలేది రెండు నిమిషాలు! కాని ఢీకొన్నప్పటి తాకిడి శక్తి వేగంతో సమానంగా కాక, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇక్కడ అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కాలు బ్రేకు మీదికి చేరే ఒక్క సెకనులోనే కారు దాదాపు 42 మీటర్లు పోతుంది.

ఈ పందెం మన ప్రాణం ఒక్కదానితోనే కాదు. వెనుక సీటులో తల్లి ఉంది, పసిబిడ్డ ఉంది. డివైడర్ మొక్కలకు నీళ్లు పోసే కూలీ ఉన్నాడు, పక్కన ఆపి టైరు మార్చుకునే లారీ డ్రైవర్ ఉన్నాడు. వారి అనుమతి మనం తీసుకున్నామా? కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వాటిలో 70 శాతానికి పైగా మరణాలకు మితిమీరిన వేగమే కారణంగా నమోదైంది.

తఖ్దీర్ సాకు కారాదు

విధివ్రాతను నమ్ముతామనే వారు రాత్రి తలుపు గడియ వేయకుండా పడుకుంటారా? ఒంటెను కట్టి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. పొరపాటున జరిగిన హత్యకు సైతం ఇస్లామీయ ధర్మశాస్త్రం రక్తపరిహారాన్ని, ప్రాయశ్చిత్తాన్ని విధించింది. ‘అతని రాత అంతే’ అన్న మాట చంపినవాని బాధ్యతను తుడిచివేయలేదు.

అలాగని వేగమే పాపం కాదు. దైవప్రవక్త (స) చివరి హజ్‌లో అరఫాత్ నుండి ఎలా ప్రయాణించారో హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) చెప్పిన విషయం సహీహ్ బుఖారీలో ఉంది. జనం మధ్య ఆయన మధ్యస్థంగా సాగేవారు, ఖాళీ దొరికినప్పుడు వేగం పెంచేవారు. అంటే చుట్టూ ఎవరున్నారన్నది ముందు చూడాలి, వేగం ఆ తర్వాత. వానలో, పొగమంచులో 120 కూడా ఎక్కువే. అది దాటరాని హద్దే గాని, అందుకొని తీరవలసిన గమ్యం కాదు.

కనుక తల్లిదండ్రులారా! కుమారుని చేతికి తాళం చెవి ఇచ్చేటప్పుడు, దానితోపాటు ఇతరుల ప్రాణాలను కూడా అమానతుగా అప్పగిస్తున్నామని చెప్పండి. ఆలస్యమైతే ఫోన్ మీద ఫోన్ చేసి తొందరపెట్టకండి. రెండు నిమిషాలు ఆలస్యంగా ఇల్లు చేరినవాని కోసం భోజనం వేచి ఉంటుంది. ఒకరి ఇంటి దీపాన్ని ఆర్పి వచ్చినవాడు అల్లాహ్ సన్నిధిలో ఏమని జవాబు చెప్పుకుంటాడు?

ఇతరుల ప్రాణాలను మన ప్రాణంలా చూసుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.